బడి గదికి తెలుపా, ఆకుపచ్చా?

మా ఊరి బడి గదికి రంగు వేయించే విషయమై పెద్దల్లో రెండు మాటలు వచ్చాయి. ముదురు ఆకుపచ్చ అయితే మాపు కనపడదని కొందరు, తెల్ల సున్నమే మేలని మరికొందరు. మాపు సంగతి నిజమే. కానీ ఆ గదికి ఉన్నవి రెండే కిటికీలు. కరెంటు పోతే అవే దిక్కు. తెల్ల గోడ తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు 80 వంతులు తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు ఆకుపచ్చ 20 వంతులు పంపడమే గగనం. వెనుక వరుస పిల్లలకు నల్లబల్ల మీది అక్షరం ఆనాలంటే తెలుపే కావాలి. పిల్లలు ఆనుకునే 3 అడుగుల మేర ఆకుపచ్చ పట్టీ వేస్తే ఇరువురి మాటా నిలుస్తుంది. సున్నంలో జిగురు కలిపితే చొక్కాలకు అంతగా అంటదు. గోడ మాసితే మళ్ళీ వెల్ల వేసుకోవచ్చు, చదువు వెనకబడితే ఏ రంగుతో కప్పుతాం? బడి తెరిచేలోగా పెద్దలు ఆలోచించాలి.