అన్నయ్య అనాహత చక్రం

మొన్న కార్తీకమాసంలో మా అన్నయ్య బ్లడ్ ప్రెషర్ మాత్రలు మానేశాడు. మానేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. వారం పోయాక వదిన పక్కదులుపుతుంటే దిండు కింద మాత్రల అట్ట కదలకుండా దొరికింది. "ఇదేమిటండీ?" అంటే, "నాకు అనాహతం తెరుచుకుంటోందే. ఇంకా ఈ బిళ్లలెందుకు?" అన్నాడట.

వదిన నాకు కబురు చేసింది. నేను ముప్ఫై రెండేళ్లు కాలేజీ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి. పైగా రోజూ పొద్దున్నే అరగంట ప్రాణాయామం చేస్తాను. అంచేత ఇలాంటి తగాదాల్లో రెండు పక్షాలవాళ్లూ నన్ను తమవాణ్ణే అనుకుంటారు.

వెళ్లేసరికి అన్నయ్య ఒక రంగుల పటం ముందు కూర్చుని ఉన్నాడు. పద్మాసనం వేసిన మనిషి, వెన్ను పొడుగునా తామరపువ్వులు. ఒక్కొక్క పువ్వు నుంచి గీత గీసి నరాల పేర్లు రాశారు. మణిపూరానికి జీర్ణకోశం వెనకనున్న నరాల వల, అనాహతానికి గుండె దగ్గరి వల, ఇడాపింగళలకు వెన్నుకు అటూ ఇటూ జపమాలల్లా దిగే సింపథెటిక్ గొలుసులు.

"చూశావుట్రా, మన ఋషులు ఎప్పుడో కనిపెట్టారు" అన్నాడు.

పువ్వులు పాతవే. గీతలే కొత్తవి. చక్రాలకూ నరాలకూ ఇలా జత కుదర్చడం పందొమ్మిదో శతాబ్దం చివర, కొత్త చదువులు చదివిన మనవాళ్లు మొదలుపెట్టిన పని. 1927లో బొంబాయి డాక్టరు వసంత్ రేలే అయితే కుండలిని అంటే కుడివైపు వేగస్ నరమే అని ఏకంగా పుస్తకం రాశాడు. దానికి పీఠిక రాసినవాడు సర్ జాన్ ఉడ్రఫ్. కలకత్తా హైకోర్టు జడ్జీగా చేసి, షట్చక్ర నిరూపణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి. ఆ పీఠికలోనే ఆయన ఈ మాట తనకు సమ్మతం కాదన్నాడు. దాన్ని అలాగే అచ్చువేయించిన రేలేగారిని మెచ్చుకోవలసిందే.

ఇంకా ముందటి కథ దయానంద సరస్వతిది. ఆయన 1875లో ఆర్యసమాజం పెట్టడానికి చాలా ఏళ్ల ముందు, గంగ ఒడ్డున తిరుగుతూ, నీళ్లలో కొట్టుకొస్తున్న శవాన్ని లాగి, కత్తితో కోసి చూశాడు. చేతిలో ఉన్న గ్రంథాల్లో చెప్పిన చక్రాలు ఒక్కటీ కనిపించలేదు. పుస్తకాలు చింపి శవంతోపాటే నదిలో పారేశానని స్వీయచరిత్రలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. పుస్తకాలు పారేయడం మాత్రం తొందరపాటని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ పువ్వుల రేకులు లెక్కపెట్టండి. మూలాధారానికి 4, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకు 2. వెరసి 50. సంస్కృత వర్ణమాలలో అ మొదలు క్ష దాకా అక్షరాలూ 50. రేకుకు ఒక అక్షరం. ఇది ధ్యానం చేసేవాడు మనసులో అక్షరాలు నిలుపుకోవడానికి వేసుకున్న పటం. కత్తికి దొరకమంటే ఎలా దొరుకుతుంది? గోరక్షనాథుడి పేరనున్న సిద్ధసిద్ధాంత పద్ధతిలో తొమ్మిది చక్రాలు చెప్పారు. నరాలయితే గ్రంథాన్నిబట్టి పెరగవు గదా! పైగా పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది. మూలాధారం దాకా దిగనే దిగదు.

అన్నయ్య ముఖం చిన్నబోయింది. "అయితే నేను చేసేదంతా భ్రమేనంటావా?"

కాదు. ఇక్కడే జాగ్రత్తగా చెప్పాలి. పదేళ్ల మనవణ్ణి పిలిచి, వాడి మణికట్టు అన్నయ్య చేతికిచ్చాను. "గాలి పీల్చరా. ఇప్పుడు మెల్లిగా వదులు." పీల్చినప్పుడు నాడి కొంచెం పరుగెత్తింది, వదిలినప్పుడు నెమ్మదించింది. మీ ఇంట్లో పిల్లలమీద మీరూ చూడవచ్చు. మా వయసులో అంత తెలియదు. అలా నెమ్మదింపజేసేది వేగస్ నరమే. కపాలం అడుగునుంచి మెడ ఇరుపక్కలా దిగి గుండెకూ ఊపిరితిత్తులకూ పొట్టకూ పోతుంది. గుండెకు అది కళ్లెం. సింపథెటిక్ నరాలు కొరడా. గుండెను నేరుగా ఆజ్ఞాపించలేం గాని, ఊపిరి మన చేతిలో ఉంది. దీర్ఘంగా వదిలే ఊపిరితో కళ్లెం కాస్త అందుతుంది. ప్రాణాయామం చేశాక మనసు కుదుటపడడంలో దీని వాటా చాలా ఉంది.

"గుండె ఆపిన యోగులున్నారు" అన్నాడు అన్నయ్య, పట్టు వదలక. అదీ పరీక్షించారు. వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే ముగ్గురు 1961లో ఫలితాలు ప్రకటించారు. ఛాతీ బిగబట్టినప్పుడు నాడి చేతికి అందలేదు, గుండె చప్పుడు వినబడలేదు. యంత్రం గీసిన గీతలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు అన్నయ్య నాడి పట్టుకున్నాను. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 112.

"ఎన్నాళ్లనుంచి ఈ దడ?"

"మూడు నాలుగు రోజులు. చెప్పానుగా, అనాహతం తెరుచుకుంటోందని."

నా కాళ్లు చల్లబడ్డాయి. ఆయన వేసుకునే మాత్ర సింపథెటిక్ కొరడా గుండెకు తగలకుండా అడ్డుపడే రకం. ఏళ్ల తరబడి అడ్డు ఉంటే గుండె ఆ దెబ్బకు మరీ సున్నితమవుతుంది. ఒక్కసారిగా అడ్డు తీసేస్తే దడ, పోటు, ఒక్కొక్కప్పుడు గుండెపోటు కూడా. అనాహతం అంటే దెబ్బ తగలకుండా మోగేదని అర్థం. మా అన్నయ్య గుండెల్లో మోగుతున్నది దెబ్బ తగిలి.

ఆటో పిలిపించి తీసుకెళ్లాం. డాక్టరమ్మ గీత తీయించి, మాత్ర మళ్లీ మొదలుపెట్టి, రెండు రోజులు అక్కడే ఉంచింది. చివాట్లు నేననుకున్నంత పెట్టలేదు. "ఊపిరి మెల్లిగా పీల్చి వదలండి, మంచిదే. బిగబట్టడాలు వద్దు. మాత్ర తగ్గించాలంటే కొంచెం కొంచెంగా నేను తగ్గిస్తాను" అంది.

మాత్రలు మానమని అన్నయ్యకు చెప్పిందెవరని అడిగాను. ఎవరూ సూటిగా చెప్పలేదట. నేర్పించే ఆయన "చక్రం తెరుచుకుంటే రోగం నిలవదు" అన్నాడట, తక్కినది ఈయన ఊహించుకున్నాడు.

పటం ఇంకా గోడమీదే ఉంది. వదిన మాత్రల అట్టను దాని మేకుకే వేలాడదీసింది.