పొద్దున్నే పనికి పోయే ఆమె ఏం తిని పోతోంది?

వ్యాయామానికి ముందు ఏం తినాలి, ఎంత సేపటి ముందు తినాలి అనే చర్చ ఈ మధ్య పట్టణాల్లో బాగా జరుగుతోంది. అరటిపండు మంచిదా, ఓట్స్ మంచిదా, డబ్బాల్లో అమ్మే పొడులు కలుపుకుని తాగాలా అని పత్రికలు పేజీలకు పేజీలు రాస్తున్నాయి. ఒళ్ళు అలిసే పని చేయబోయే మనిషికి ముందుగా తిండి కావాలన్నది అందరూ ఒప్పుకున్న మాటే. మరి ఈ మాట గంటసేపు జిమ్‌లో చెమటోడ్చే వాళ్ళకే ఎందుకు వర్తిస్తోంది? తెల్లవారుజామున లేచి అడవిలో కొన్ని మైళ్ళు నడిచి, వంగి లేస్తూ ఆకు కోసి, మోపు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చే ఆదివాసీ స్త్రీ పనికి ముందు ఏం తింటోందని ఎవరైనా అడుగుతున్నారా?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాల్లో ఏప్రిల్, మే నెలలు తునికాకు కాలం. గుండాల, చర్ల, దుమ్ముగూడెం వైపు చూసినా, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వైపు చూసినా ఈ పనిలో ఎక్కువగా కనిపించేది స్త్రీలూ, పిల్లలే. ఎండ ముదరక ముందే ఆకు కోయాలి కాబట్టి చీకటితోనే బయలుదేరతారు. మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. పని అంతటితో అయిపోదు. కోసుకొచ్చిన ఆకును లెక్కపెట్టి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. అలాంటి వెయ్యి కట్టలు, అంటే 50 వేల ఆకులు కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగు. కూలి కట్టకు ఇంత అని లెక్క. రోజు కూలి అయితే కాసేపు కూర్చుని తినడానికి వీలుంటుంది. కట్టల లెక్కన కూలి వచ్చే చోట తినడానికి కూర్చున్న ప్రతి నిమిషమూ తగ్గిన కట్టే.

మిరప తోటల్లోనూ ఇదే పరిస్థితి. కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గోదావరి తీర గ్రామాలకు వలస వస్తాయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల పని ఆగిపోయి ములుగు జిల్లా మిరప తోటల నుంచి నడిచి వెళ్ళిన పన్నెండేళ్ళ బీజాపూర్ బాలిక, మూడు రోజులు నడిచి, ఇంటికి దగ్గర్లోనే చనిపోయింది. ఒంట్లో నీరూ, లవణాలూ పడిపోవడం, అలసట కారణాలని డాక్టర్లు చెప్పినట్టు అప్పటి పత్రికలు రాశాయి. శక్తి అన్న మాటకు అర్థం ఈ ప్రాంతంలో ఇది. ఇక్కడ అది అందానికో, పతకానికో సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది.

ఇంతకీ ఆమె పనికి ముందు ఏం తింటుంది? గూడేల్లో తిరిగే కార్యకర్తలందరికీ జవాబు తెలుసు. ఒక గ్లాసు నల్ల చాయ్, లేదా రాత్రి మిగిలితే నాలుగు ముద్దల చద్దన్నం. చాలామందికి నోట్లో పొగాకు. అది ఆకలి తెలియకుండా చేస్తుంది, తీర్చదు. ఆకలి లేదని ఆమే చెబుతుంది. నిజానికి లేనిది ఆకలి కాదు, తీరిక. మూడు గంటలకు లేచి నీళ్ళు తెచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలకూ ముసలివాళ్ళకూ వండిపెట్టి, మగవాడికి పెట్టి, మిగిలింది మధ్యాహ్నానికి మూట కట్టుకుని బయలుదేరే మనిషికి కూర్చుని తినే పది నిమిషాలు ఎక్కడివి? రాత్రి కూడా ఆఖర్న తినేది ఆమే కాబట్టి ఉదయానికి మిగలాల్సిన చద్దన్నం కూడా ఒక్కోసారి మిగలదు. ఇంట్లో తిండి కొరత వస్తే అది ముందు ఆమె కంచంలో కనబడుతుంది. ఇది పేదరికం ఒక్కటే కాదు. ఎవరు ముందు తినాలి, ఎవరు ఆఖర్న తినాలి అని కుటుంబం పెట్టిన వరసలోనే ఇది ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కలు చూద్దాం. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1660 కిలో కేలరీలు కావాలి. మధ్యరకం శ్రమ చేసే స్త్రీకి 2130, బరువు పని చేసే స్త్రీకి 2720. కూర్చుని పనిచేసే మగవాడికి 2110 చాలు. అంటే బరువు పని చేసే ఆడమనిషికి కుర్చీలో కూర్చున్న మగవాడి కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి. ఇనుము సంగతి ఇంకా స్పష్టం. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాములైతే, స్త్రీకి 29. ఆడదానికి తక్కువ తిండి చాలన్న ఇంటి నమ్మకానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. ఫలితం కళ్ళ ముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తం తక్కువైన ఒంటికి అదే దూరం నడవడం, అదే మోపు మోయడం మరింత కష్టం. ఆ అలసటను సోమరితనం అనేవాళ్ళకూ కొదవలేదు.

ఈ అలసట మీద వ్యాపారం కూడా నడుస్తోంది. నీరసం అనగానే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి 'బలానికి' సెలైన్ ఎక్కించుకోవడం మనందరం చూస్తున్నదే. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, సుమారు ఐదారు చెంచాలు. దాని వల్ల వచ్చేది వంద కేలరీలకు మించదు. 50 గ్రాముల జొన్నపిండితో కాచిన జావలో సుమారు 165 కేలరీలతో పాటు మాంసకృత్తులూ, ఇనుమూ ఉంటాయి. వాంతులు, విరేచనాలు అయి నోటితో ఏమీ తీసుకోలేని మనిషికి సెలైన్ ప్రాణం పోస్తుంది. కానీ తిండి చాలని మనిషికి దాన్ని ఎక్కించడమంటే ఆమె కూలి డబ్బును చక్కెర నీళ్ళ కింద అమ్మించుకోవడమే.

జావ ఈ ప్రాంతానికి కొత్త కాదు. పోడులో పండిన జొన్నలు, సామలు, కొర్రలు, చిక్కుళ్ళు, కందులు, అడవిలో దొరికిన గడ్డలు, ఎండబెట్టి వేయించిన ఇప్పపువ్వు ఇక్కడి వాళ్ళ తిండి. రాత్రి కాచి ఉంచిన అంబలి తెల్లారి తాగి పనికి పోయేవాళ్ళు. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చిన మాట కాదనలేం. ఆ పథకాన్ని తక్కువ చేయడం కడుపు నిండినవాళ్ళు చేసే పని. కానీ నలభై ఏళ్ళుగా చౌకడిపో మనకు ఇచ్చిన ధాన్యం ప్రధానంగా బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇస్తున్నారు. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, జొన్నల్లో దాదాపు 4 ఉంది. కాల్షియం బియ్యంలో 8 మిల్లీగ్రాములలోపే, రాగుల్లో 364. పోడు పోయాక జొన్న పోయింది. జొన్న పోయాక పొద్దుటి అంబలి పోయింది. ఇప్పపువ్వును చట్టం సారా ముడిసరుకుగా చూసిందే కానీ తిండిగా చూడలేదు. ఇప్పుడేమో భద్రాచలం ప్రాంతపు స్వయం సహాయక సంఘాల స్త్రీలు చిరుధాన్యాలతో చేసిన బిస్కెట్లు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో పట్టణాలకు వెళుతున్నాయి. వాళ్ళకు ఆదాయం రావడం సంతోషమే. చిరుధాన్యం పట్టణానికి ఆరోగ్య ఆహారం, అది పుట్టిన గూడేనికి మాత్రం అందని ఆహారం కాకూడదన్నదే మన మాట.

ఇక కొత్త తరం ఆడపిల్లల సంగతి. ఏజన్సీ ఊళ్ళలో కూడా పోలీసు ఉద్యోగాల కోసం తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు తీసే అమ్మాయిలు కనబడుతున్నారు. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ కానిస్టేబుల్ పరీక్షకు ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. ఆ పరుగు కోసం వందలూ వేలూ పోసి పొడి డబ్బాలు కొనమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. వ్యాయామానికి ముందు తాగమని అమ్మే చాలా పొడుల్లో ప్రధానంగా పనిచేసేది కాఫీలో ఉండే కెఫీనే. అది అలసట తెలియనివ్వదు, రక్తం పెంచదు. ఆ అమ్మాయికి ముందు కావలసింది రక్త పరీక్ష. తర్వాత పరుగుకు గంటన్నర ముందు గ్లాసెడు జావ, లేదా ఒక అరటిపండు. పరుగయ్యాక గుడ్డో, గుగ్గిళ్ళో.

కార్యకర్తలు అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు సూటిగా చెప్పుకుందాం. పనికి గంట ముందు జొన్న లేదా రాగి అంబలి, వీలైతే మజ్జిగ కలిపి, తాగి వెళ్ళాలి. రాత్రే కాచి ఉంచుకుంటే పొద్దున్న పొయ్యి పని ఉండదు. పులిసిన అంబలిలో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మూటలో ఉడికించిన అలసందలో, ఉలవలో, వేయించిన వేరుశనగలో బెల్లం ముక్కతో ఉంటే మధ్యలో తినొచ్చు. నిమ్మకాయ, ఉసిరి ఇనుమును ఒంటికి పట్టిస్తాయి. చాయ్ ఆ ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి తిండికి గంట ఎడంగా తాగాలి. ఎండలో పనికి లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి తీసుకెళ్ళొచ్చు. ఒక్క జాగ్రత్త. ఆదివాసులలో కొడవలి కణ రక్తహీనత ఉంది. అది ఇనుము మాత్రలతో తగ్గేది కాదు. ఆ జబ్బున్నవాళ్ళు నీళ్ళు లేకుండా ఎండలో పనిచేస్తే ప్రమాదం. అందుకే పరీక్ష లేకుండా అందరికీ ఒకే మందు పనికిరాదు.

అయితే సలహాలతో సరిపెట్టుకుంటే మనకూ ఆ పత్రికలకూ తేడా ఏముంది? అంబలి మంచిదని చెబితే, కాచేది ఎవరు? మళ్ళీ ఆమే. జొన్నలు ఎక్కడివి? కొనాలి. తినడానికి సమయం ఎవరిస్తారు? పోషకాహార వారోత్సవాల్లో గోడల మీద రాసే నినాదాలు ఈ మూడు ప్రశ్నలనూ దాటేసి ఆమె అజ్ఞానం మీదికి నేరం నెడతాయి.

ఇదే జిల్లాలో సింగరేణి గనులున్నాయి. అక్కడ కార్మికుడికి క్యాంటీన్ ఉంది. అది కంపెనీ దయ కాదు, చట్టం. 1952 గనుల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించవచ్చని రాసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ ఆ సంఖ్యను 100కు దించింది. తునికాకు వ్యాపారాన్ని 1971 చట్టంతో ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. ఒక్కో కల్లానికి ఆకు తెచ్చేవాళ్ళు ఎందరున్నా, వాళ్ళను కార్మికులుగా లెక్కించిన వాళ్ళు లేరు. వాళ్ళు 'సేకరణదారులు'. ఆ ఒక్క పేరుతో క్యాంటీనూ, నీడా, విరామమూ అన్నీ ఎగిరిపోయాయి. 2005 ఉపాధి హామీ చట్టం పని స్థలంలో మంచినీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని రాసింది, తిండి మాత్రం రాయలేదు. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం పెడుతున్నారు. మంచిదే. ఆకు కాలంలో పొద్దుటి పూట ఆమె అడవిలో ఉంటుందన్నది ఆ వేళలు పెట్టినవాళ్ళకు తట్టలేదు.

ఇంత చిన్న విషయానికి ఉద్యమమా అనేవాళ్ళుంటారు. సారా కూడా ఒకప్పుడు ఇంటి గొడవే. 1992లో నెల్లూరు పల్లెల స్త్రీలు దాన్ని రాష్ట్రం గొడవ చేశారు. ఇంట్లో జరిగేది రాజకీయం కాదన్న మాటకు కాలం చెల్లింది. పొద్దుటి తిండి కూడా అలాంటిదే.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. తునికాకు కాలంలో ప్రతి కల్లం పరిధిలో తెల్లవారుజామునే అంబలి కేంద్రం నడపాలి. ఖర్చు ఆకు మీద లాభం తీసుకునేవాళ్ళు భరించాలి. వండే స్త్రీలకు కూలి ఇవ్వాలి. అది మరో ఉచిత సేవ కాకూడదు. కట్ట రేటు నిర్ణయించేటప్పుడు నడకా, కట్టలు కట్టే సమయమూ లెక్కలోకి రావాలి. ఏజన్సీ చౌకడిపోల్లో బియ్యంతో పాటు జొన్నలు, రాగులు ఇవ్వాలి, వాటిని స్థానిక రైతుల దగ్గరే కొనాలి. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తల ఇద్దరి పేరునా పట్టా ఇవ్వమంది, అది కాగితం మీదే మిగలకూడదు. భూమి మీద ఆమె పేరుంటే ఏ పంట వేయాలో చెప్పే మాట కూడా ఆమెకు ఉంటుంది.

చివరిది ప్రభుత్వాన్ని అడగవలసింది కాదు, సంఘం సమావేశాల్లో, ఇళ్ళలో తేల్చుకోవలసింది. రాత్రి అంబలి ఎవరు కాచినా, పొద్దున్న మొదటి గ్లాసు పనికి పోయే ఆడమనిషికి దక్కాలి. ఆమె తాగాకే మిగతావాళ్ళు.