పొలం కాల్చి ఇల్లు కట్టాలా?

అన్నం పెట్టే మట్టిని మనం బట్టీల్లో కాలుస్తున్నాం. ఇటుక ఒక్కొక్కటి సుమారు 3 కిలోలు తూగుతుంది. 20 వేల ఇటుకల ఇల్లంటే 60 టన్నుల మట్టి! అది బంజరు మట్టి కాదు, తరతరాలుగా పెంట తోలి పండించిన చేల పైమట్టి. అప్పుల్లో ఉన్న రైతు దాన్ని లారీల లెక్కన అమ్ముకుంటాడు. మా ఊళ్లో అలా అమ్మిన చేలు పల్లమైపోయాయి. ఎంత యూరియా చల్లినా పాత దిగుబడి రావడం లేదు.

మరోవైపు రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలి బూడిద గుట్టలవుతోంది. దానికి సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే పద్ధతిని విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ గార్లు రూపొందించారు. బూడిదలోని సిలికా తడిలో సున్నంతో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది. కట్టెలక్కర్లేదు, బొగ్గక్కర్లేదు, నీళ్లతో తడిపితే చాలు. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకల్లో కనీసం 25 శాతం బూడిద కలపాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది.

"బూడిదతో ఇల్లా? అశుభం!" అనేవాళ్లున్నారు. సరిగా తడపని ఇటుక పెళుసవుతుందన్న మాట నిజమే. దానికి మందు పరీక్షే గాని బట్టీ కాదు. ఆ పరీక్ష చేసి ఊరికి చెప్పవలసింది సైన్సు చదివే మనం కాదా? ఇకమీదట కాలేజీలో లేచే ప్రతి గోడా బూడిద ఇటుకతోనే కట్టాలని యూనియన్ తీర్మానించాలి.