వాపసు కాదు, బాకీ

"రిఫండ్ పడిందండీ" అని చెప్పేటప్పుడు మనవాళ్ల గొంతులో పలికే కృతజ్ఞతను వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి సొమ్ము ఎవరికి వచ్చిందని ఈ సంబరం? తన కష్టార్జితంలో పదోవంతు ఏడాదికి పైగా పరుల పెట్టెలో ఉండి, ఎన్నో మెట్లెక్కి దిగిన తరువాత ఇంటికి చేరితే అందులో పండుగ ఏముంది? బాకీ వసూలైనందుకు బాకీదారుకు దండం పెట్టే అప్పులవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆదాయపు పన్ను దగ్గర మాత్రం మనం ఆ పనే చేస్తున్నాం. అసలు తప్పు "వాపసు" అన్న మాటలోనే ఉందని నా వాదన.

నేను మాట్లాడుతున్నది పెద్ద జీతగాళ్ల గురించి కాదు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి ఊళ్లలో కళాశాలల నిండా అతిథి అధ్యాపకులున్నారు. అతిథి అన్న మాట ఎంత మర్యాదగా ఉందో వారి బతుకు అంత అమర్యాదగా ఉంటుంది. తరగతులు మొదలయ్యాక పిలుస్తారు, పరీక్షలు కాగానే సెలవంటారు. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసే నాటికి వారి రాబడి కూడా కట్టుబడిపోతుంది. మళ్లీ కాలువకు నీరు వదిలినా వారికి పిలుపు వస్తుందన్న నమ్మకం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 25,000 రూపాయల చొప్పున ఎనిమిది నెలలు పాఠం చెప్పినవాడి ఏడాది రాబడి 2,00,000. వేరే ఆదాయం లేదనుకుందాం. పాత పద్ధతిలో చూసినా 2,50,000 వరకు పన్ను లేదు. కొత్త పద్ధతిలో ఆ హద్దు 2023-24 నుంచి 3,00,000, 2025-26 నుంచి 4,00,000. ఏ తక్కెడలో తూచినా ఇతడు ప్రభుత్వానికి బాకీ పడిన పన్ను సున్నా. అయినా ఇచ్చేది జీతం కాదు, వృత్తి రుసుము అని కళాశాల పేరు పెట్టిందంటే, 1961 నాటి చట్టంలోని 194జె ప్రకారం పది శాతం కోత పడుతుంది. అంటే 20,000 రూపాయలు. పాన్ ఇవ్వకపోయినా, ఇచ్చిన పాన్ ఆధార్‌తో ముడిపడక చెల్లనిదైపోయినా కోత ఇరవై శాతానికి పెరుగుతుంది. (2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల అంకెలు మారినా కోత స్వభావం మారలేదు కనుక అందరికీ అలవాటైన పాత అంకెలతోనే రాస్తున్నాను.)

ఇక్కడి ద్వంద్వనీతిని గమనించండి. అదే రెండు లక్షలను జీతమని పిలిస్తే, 192 కింద యజమాని ఏడాది మొత్తానికి రాబడిని అంచనా కట్టి, పన్ను పడితేనే కోయాలి. పడకపోతే ఒక్క రూపాయి ముట్టుకోకూడదు. వృత్తి రుసుమని పిలిస్తే ఆ అంచనా అక్కరలేదు, పరిమితి దాటగానే కత్తెర పడవలసిందే. ఆ పరిమితి 2025 మార్చి వరకు 30,000, ఆ తరువాత 50,000. మన అధ్యాపకుడు రెండో నెల జీతంతోనే మొదటి పరిమితిని దాటేస్తాడు. సెలవు కావాలంటే నువ్వు ఉద్యోగివి కావంటారు. భవిష్య నిధి అడిగితే ఉద్యోగివి కావంటారు. వేసవి జీతం సంగతి ఎత్తితే అసలే కావంటారు. పన్ను కోసేటప్పుడు మాత్రం డాక్టరు, లాయరు, ఆడిటరు సరసన పీట వేసి కూర్చోబెడతారు. జన్మలో దక్కిన ఏకైక గౌరవం అదే, దానికి ధర నెలకు 2,500.

మరి ముందుగానే "నాకు పన్ను పడదు, కోయకండి" అని రాసిచ్చే దారి చట్టంలో లేదా? ఉంది. కానీ అది ఎవరికి ఉందో చూడండి. బ్యాంకులో డిపాజిట్ ఉన్నవారు 15జి గాని, అరవై దాటితే 15హెచ్ గాని ఇస్తే వడ్డీ మీద కోత ఉండదు. రిబేటు పోగా పన్ను సున్నా అయినా 15హెచ్ చెల్లుతుందని 2019లో ఆ ఫారంలోనే స్పష్టం చేశారు. డివిడెండుకు ఈ వెసులుబాటు ఉంది. అద్దెకు 2016లో కలిపారు. బీమా ఏజెంటు కమిషనుకు 2017లో కలిపారు. వృత్తి రుసుముకు, కాంట్రాక్టు కూలికి మాత్రం లేదు. డబ్బు కూర్చుని పిల్లలు పెడితే యజమాని మాట మీద నమ్మకం; మనిషి నిలబడి గొంతు చించుకుంటే అతని మాట మీద అపనమ్మకం. ఇదేం న్యాయం?

మన డెల్టాలో ఈ వైరుధ్యం మరీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. పదెకరాల మాగాణిని కౌలుకిచ్చి హైదరాబాదులో కాపురం ఉండే ఆసామికి వచ్చే కౌలు వ్యవసాయాదాయం కిందికి వస్తుంది. దాని మీద కేంద్రం పన్ను లేదు, కోతా లేదు. రైతు మీద పన్ను వెయ్యమని నేననడం లేదు. పైగా చేలో దిగి పనిచేసే కౌలురైతు పరిస్థితి మనకు తెలియనిది కాదు. ఆసామి కౌలును కన్నెత్తి చూడని చట్టం, అతని పిల్లలకు పాఠం చెప్పే పంతులు జీతంలో పదోవంతును ముందే మినహాయించుకుంటోందని మాత్రం చెబుతున్నాను.

197 కింద తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు కదా అని లోకజ్ఞులు అనవచ్చు. తెచ్చుకోవచ్చు. దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, పాత లెక్కలు చూపాలి, వచ్చే ఆదాయాన్ని అంచనా వేయాలి, ఎవరు డబ్బిస్తారో చెప్పాలి. వచ్చే నెల తనకు పని ఉంటుందో లేదో తెలియనివాణ్ణి రాబోయే ఏడాది యజమాని పేరు రాయమంటే ఏం రాస్తాడు? ఆ దారి కంపెనీలకు రాజమార్గం, అతిథి అధ్యాపకునికి ముళ్లకంచె.

"రిటర్ను వేస్తే తిరిగి వస్తుందిగా, ఇంత రాద్ధాంతమెందుకు" అన్నది రెండో సమాధానం. ఎప్పుడు వస్తుంది? చివరి మూడు నెలల కోతకు సంబంధించిన 16ఏ పత్రం జూన్ మధ్యకు గాని చేతికందదు. ఆ లోపల కోసిన సొమ్మును కళాశాల ఖజానాకు జమచేసి, సరైన పాన్ అంకెతో లెక్క చూపి ఉండాలి. ఒక్క అక్షరం తారుమారైతే 26ఏఎస్‌లో ఆ డబ్బు కనబడదు. ఇది జీతం కాదు కాబట్టి చిన్నదైన ఐటీఆర్-1 పనికిరాదు, 3 గాని 4 గాని నింపాలి. బడి పిల్లలకు ఫీజు, ఇంట్లో బియ్యం కావలసింది జీతం లేని మే నెలలో. మేలో కావలసిన డబ్బు శ్రావణంలోనో, దసరాకో వస్తే దాన్ని సహాయమని ఎలా అనగలం?

ఆ పైన పేర్ల గొడవ ఒకటి. 2019 మార్చి నుంచి రిఫండ్ చెక్కులు పోయి, పాన్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలోకే డబ్బు వస్తోంది. మంచిదే. అయితే తెలుగువాడి పేరు ఆ పెట్టెల్లో పట్టదు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. ఫారం వాడికి ఇంటిపేరు చివర ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క పొడి అక్షరంగా, పాన్‌లో తిరగబడి ఉంటుంది. పెళ్లైన ఆడవారికైతే పుట్టింటి పేరు ఒకదానిలో, మెట్టింటి పేరు ఇంకొకదానిలో. మూడూ కలవకపోతే ఖాతా ధ్రువీకరణ కాదు. కాకపోతే డబ్బు రాదు. నన్నయ భట్టారకుడే దిగివచ్చి రాజమహేంద్రవరంలో రిటర్ను వేసినా, భట్టారకుడన్నది ఇంటిపేరా కాదా అని ఆ పెట్టె నిలదీస్తుంది. 2023 జులై నుంచి ఆధార్‌తో కలపని పాన్‌లు చెల్లనివయ్యాయి. వెయ్యి రూపాయల రుసుము కట్టి బతికించుకునేదాకా రిఫండ్ లేదు, చెల్లని ఆ కాలానికి వడ్డీ కూడా లేదు.

వడ్డీ ప్రస్తావన వచ్చింది కనుక ఆ తక్కెడను కూడా చూద్దాం. మనం పన్ను ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం. సర్కారు రిఫండ్ ఆలస్యం చేస్తే నెలకు అర శాతం. ముందస్తు పన్నులో వాయిదా తప్పితే ఆ ఏడాది లోపలే మనకు వడ్డీ పడుతుంది. సర్కారు దగ్గర మన కోత సొమ్ము ఆగస్టు నుంచి మార్చి దాకా మూలిగినా, ఆ నెలలకు దమ్మిడీ వడ్డీ రాదు. ఏడాది ముగిశాక ఏప్రిల్ 1 నుంచి మాత్రమే లెక్క, అదీ రిటర్ను గడువులో వేస్తే. గడువు దాటితే వేసిన రోజు నుంచే. కోసిన సొమ్మును కళాశాల తన దగ్గరే ఉంచుకుంటే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ కట్టాలి. అది కూడా ఖజానాకే పోతుంది. సొమ్ము పోగొట్టుకున్నవాడికి ఈ మూడు చోట్లా మిగిలింది ఎదురుచూపే.

ఇన్ని చూసి విసిగి "పోతే పోయిందిలెండి" అనేవారిని నేనెందరినో చూశాను. ఆలస్యమైతే 5,000 జరిమానా అని ఎవరో భయపెడితే నిజమనుకుని ఊరుకున్నవారూ ఉన్నారు. పన్ను పడే కనీస హద్దు లోపల ఆదాయం ఉండి, మరే కారణం చేతనూ రిటర్ను తప్పనిసరి కానివారికి ఆ ఆలస్య రుసుము వర్తించదు. అయితే 2022లో వచ్చిన నిబంధన ప్రకారం ఏడాదిలో కోత 25,000 దాటినవారు (అరవై దాటినవారికి 50,000) పన్ను పడకపోయినా రిటర్ను వేయక తప్పదు. కొయ్యేదీ వారే, కోసినందుకు లెక్క చెప్పమనేదీ వారే.

గడువు తప్పినవారికి డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను దారి ఉంటుంది. ఆ తరువాత వేసే అప్‌డేటెడ్ రిటర్ను ద్వారా అదనపు పన్ను కట్టవచ్చు గాని రిఫండ్ అడగడానికి వీల్లేదు. ఇచ్చే ద్వారం తెరిచే ఉంటుంది, పుచ్చుకునే ద్వారానికి తాళం. ఆలస్యాన్ని మన్నించమని 119(2)(బి) కింద కమిషనరుకు విన్నవించుకోవచ్చు. 2024 అక్టోబరు సర్క్యులరు ఆ విన్నపానికి అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల గడువిచ్చింది. అంతకుముందు ఆరేళ్లుండేది.

ఇంకా ఘోరం జరగబోయి తప్పింది. 2025 ఫిబ్రవరిలో పార్లమెంటుకు వచ్చిన కొత్త బిల్లు, గడువు లోపల రిటర్ను వేయనివారికి రిఫండ్ లేకుండా చేసే మాట ఒకటి కలుపుకుని వచ్చింది. అది చట్టమై ఉంటే, పన్నే పడనివాడి కోత సొమ్ము ఒక్క తేదీ తప్పినందుకు ఖజానా పాలయ్యేది. సెలెక్ట్ కమిటీ జులైలో దాన్ని తీసివేయమంది. ఆగస్టులో ఆమోదం పొందిన రూపంలో అది లేదు. అభ్యంతరం చెబితే ఆలకిస్తారనడానికి ఇదొక దాఖలా.

ఇంకొక రకం దగా గురించి కూడా చెప్పాలి. లేని విరాళాలు, లేని అద్దెలు చూపించి రిఫండ్ తెప్పిస్తామని, వచ్చినదానిలో వాటా పుచ్చుకునే దళారులు తయారయ్యారు. ఇలాంటి దొంగ క్లెయిములపై 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపింది. జరపవలసిందే. నా కోపం ఆ దళారుల మీద రెండింతలు. వారి వల్ల నిజాయితీగా అడిగేవాడి కాగితం కూడా అనుమానాల కుప్పలో చేరుతుంది. మీకు తెలిసిన కుర్రవాళ్లకు చెప్పండి: పోర్టలులో రిటర్ను వేయడానికి రుసుము లేదు, పన్ను పడనివాడికి దొంగ మినహాయింపులతో పనే లేదు.

పరదేశాల్లో ఈ చిక్కు లేదా అంటే, ఉంది, కాని దారులూ ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగంలో చేరేటప్పుడు డబ్ల్యూ-4 ఫారంలో, గత ఏడాది తనకు పన్ను బాధ్యత లేదని, ఈ ఏడాదీ ఉండదనీ ప్రకటించి ఫెడరల్ ఆదాయపు పన్ను కోత తప్పించుకునే వీలుంది. ఇంగ్లండులో జీతపు కోత నెలనెలా మొత్తం లెక్కతో సరిచూస్తారు. మధ్యలో పని మానేసినవాడు పి50 ఫారంతో ఏడాది ముగియకుండానే సొమ్ము అడగవచ్చు. ఆ దేశాలు మనకంటే దయగలవని కాదు. పనివాడి మాటను మొదట నమ్మి, తప్పు తేలితే తరువాత దండించవచ్చని వారి పద్ధతి చెబుతోంది.

మూలంలోనే కోత వద్దని నేననను. అది లేకపోతే పన్ను ఎగవేతకు అడ్డూ ఆపూ ఉండవు. నా కోరిక చిన్నది: వడ్డీకి, అద్దెకు, కమిషనుకు ఇచ్చిన ముందస్తు ప్రకటన హక్కును పన్ను పడే హద్దు లోపల ఉన్న వృత్తి రుసుముకు, కూలికి కూడా ఇవ్వాలి. అబద్ధం చెబితే శిక్ష ఎలాగూ ఉంది. ఏడాది లోపల సర్కారు పట్టి ఉంచిన సొమ్ముకు వడ్డీ కట్టాలి, మన దగ్గర పుచ్చుకునే రేటుకే.

ఒక ఉత్తరం వల్ల ఏమవుతుందని నవ్వకండి. రిఫండ్లు అందని జనం గోడును వివరిస్తూ ఒక అకౌంటెంటు రాసిన లేఖనే ఢిల్లీ హైకోర్టు 2012లో వ్యాజ్యంగా స్వీకరించింది. ముందుగా నోటీసు ఇవ్వకుండా రిఫండును పాత బాకీలకు సర్దేయకూడదని 2013 మార్చిలో తీర్పు చెప్పింది.

బ్లాగ్మిత్రులలో అధ్యాపకులున్నారు, ఆడిటర్లున్నారు, కళాశాలల లెక్కలు చూసేవారూ ఉన్నారు. మీ దగ్గర పనిచేసే అతిథి అధ్యాపకులకు ఇచ్చేది జీతమో రుసుమో నిజాయితీగా తేల్చండి. జీతమే అయితే జీతమనే రాయండి. రుసుమే అయితే 16ఏ వేళకు చేతిలో పెట్టండి. 15జి ని విస్తరించమని మీ పార్లమెంటు సభ్యునికి, ఆర్థిక శాఖకు ఒక్క పుట రాయండి. నేను నా వంతు పుట రాసి పంపాను. ఈ టపాలో నా లెక్కలోనో, చట్టపు అన్వయంలోనో పొరపాటు కనిపిస్తే నిర్మొహమాటంగా ఎత్తిచూపండి, దిద్దుకుంటాను. దయచేసి "రిఫండ్ వస్తుందిగా" అని మాత్రం వ్యాఖ్య రాయకండి.