లిస్టింగ్‌కు ముందు బిల్డింగ్ మాట: ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓకు బహిరంగ లేఖ

బ్రయాన్ చెస్కీ గారికి,

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టడం కష్టమై, మీరూ మీ స్నేహితుడూ అద్దెకున్న ఇంట్లోనే గాలి పరుపులు పరిచి ముగ్గురు అతిథులకు చోటిచ్చారు. మీ సంస్థ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇదే. అందులో పరుపులుంటాయి, పొద్దుటి ఫలహారం ఉంటుంది. పక్క వాటా వాళ్లను ఒకమాట అడిగిన ఘట్టం మాత్రం నాకెక్కడా వినబడలేదు. మూడు పరుపులకు అది పెద్ద లోపం కాదు. లక్షలాది ఇళ్లు మీ సైటెక్కిన తర్వాత కూడా ఆ ఘట్టం లేకుండానే కథ నడుస్తోంది కాబట్టే ఈ లేఖ. నేను కోరేది ఒక్కటే: కాండోలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఉన్న ఫ్లాటును రోజుల లెక్కన అద్దెకివ్వాలనుకునేవారు, ఆ భవనం నిబంధనలు అందుకు ఒప్పుకుంటున్నాయని కాగితం చూపించాకే వారి లిస్టింగ్ జనానికి కనబడాలి.

ఈ సంగతి మీకు తెలియనిదేం కాదు. అసోసియేషన్ నియమాలు చూసుకోమని మీ సహాయ పేజీలే హోస్టులకు చెబుతాయి. చట్టాలను, ఇతరులతో చేసుకున్న ఒప్పందాలను పాటించే బాధ్యత హోస్టుదేనని మీ షరతులు చెబుతాయి. చెప్పడం వరకే. చూశారా లేదా అని అడిగేవారు లేరు. దాంతో ఆ తనిఖీ భారం వెళ్లి, మీతో ఏ ఒప్పందమూ లేని పక్కింటివాళ్ల మీద పడుతోంది. నిబంధన ఉన్నట్టు తెలుసుకోవాల్సింది వాళ్లు, ఉల్లంఘన జరిగినట్టు సాక్ష్యం కూడబెట్టాల్సింది వాళ్లు, లాయరు ఫీజు మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి కట్టాల్సిందీ వాళ్లే. కమీషన్ ముందు, విచారణ తర్వాత అన్నమాట.

నా ఫ్లాటు నా ఇష్టం, కొనుక్కున్నదాన్ని ఎవరికిచ్చుకుంటే వీళ్లకేం అని హోస్టులు అడుగుతారు. విడిగా కట్టుకున్న సొంత ఇంటి విషయంలో ఆ మాటకు బలముంది. కాండో విషయంలో లేదు, ఎందుకంటే అక్కడ కొన్నది గోడల మధ్య చోటు ఒక్కటే కాదు. లిఫ్టు, లాబీ, జిమ్, పార్కింగ్ దారి అందరి ఉమ్మడి ఆస్తి. హోస్టు వాటినీ కలిపే రేటు కడతాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇక్కడ దానం కూడా కాదు, అద్దె. పైగా కాండో నియమాలు కొన్న తర్వాత ఎవరో నెత్తిన రుద్దినవి కావు. డిక్లరేషన్, అంటే భవనాన్ని కాండోగా ఏర్పరిచే మూలపత్రం, కొన్నవారి హక్కులో భాగమే. కెనడాలోని ఒట్టావాలో 2016లో తేలిన మెంజీస్ కేసు చూడండి. యూనిట్లను ఒక కుటుంబం నివసించే ఇల్లుగానే వాడాలని అక్కడి కాండో డిక్లరేషన్ అంటుంది. హోటల్ గదుల్లా రోజుల లెక్కన ఇవ్వడం ఆ మాటకు సరిపోదని కోర్టు తేల్చింది. డిక్లరేషన్‌లో అద్దె గడువు గురించి ప్రత్యేకంగా ఒక్క ముక్క లేకపోయినా ఓనరు ఓడిపోగలడని దీన్నిబట్టి తెలుస్తుంది. టొరంటో చుట్టుపక్కల కాండో కొని, వాయిదాలకు ఈ అద్దె ఆసరా అవుతుందని లెక్కలు వేసుకునే తెలుగువాళ్లు గమనించాల్సిన మెలిక ఇంకొకటుంది. టొరంటో నగరం తన వంతుగా రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తుంది. అది హోస్టు తాను నివసించే ఇల్లే అయి ఉండాలంటుంది, ఇల్లు మొత్తం ఇస్తే ఏడాదికి 180 రాత్రులు దాటొద్దంటుంది. నగరం నంబరు ఇచ్చినంత మాత్రాన బిల్డింగ్ ఒప్పుకున్నట్టు కాదు. తాళాలు రెండు, తాళంచెవులూ రెండు. రెండోది ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోనక్కర్లేదు: ఒంటారియోలో 100 డాలర్లు కడితే కాండో కార్పొరేషన్ పది రోజుల్లో స్టేటస్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాంతోపాటే డిక్లరేషన్, బైలాస్, రూల్స్ చేతికొస్తాయి. తొలి అతిథి చెల్లించే అద్దెలో ఇదొక చిన్న ముక్క.

ఇన్ని భవనాల కాగితాలు మేమెలా చూడగలమని మీ సంస్థ అనవచ్చు. చూడగలరని మీరే రుజువు చేశారు. 2022 చివర్లో అమెరికాలో, అద్దెకున్నవారు కూడా హోస్టులు కాగల భవనాల జాబితా ఒకటి విడుదల చేశారు. ఏ భవనం ఎన్ని రాత్రులు ఒప్పుకుంటుందో అందులో రాసుంది. వ్యాపారం పెరిగే చోట బిల్డింగ్ నిబంధనలు కనబడి, తగ్గే చోట కనబడకపోవడం చూపు లోపం కాదు. చట్టం అడిగిన చోట కూడా ఈ తనిఖీ సాధ్యమవుతోంది. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్న స్థానిక చట్టం 18 ప్రకారం, రిజిస్ట్రేషన్ నంబరు సరిచూడకుండా మీరు బుకింగ్ మీద రుసుము తీసుకోకూడదు. తమ భవనంలో ఇలాంటి అద్దెలు కుదరవని యజమానులు ముందే నమోదు చేయించుకునే నిషేధిత భవనాల జాబితా కూడా అక్కడుంది. మాంట్రియల్ సంగతి మరీ బాధాకరం. 2023 మార్చిలో పాత మాంట్రియల్‌లో ఒక భవనం కాలిపోయి ఏడుగురు చనిపోయారు. అనుమతి లేని స్వల్పకాలిక అద్దెలు అందులో నడిచాయి. మంటకు కారణం వేరే కావచ్చు, ఆ నింద నేను మీ మీద మోపడం లేదు. కానీ ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, పర్మిట్ నంబరు లేని క్యుబెక్ లిస్టింగులను తీసేస్తామని మీరే ప్రకటించారు. అంటే ఆ పని అంతకుముందు కూడా సాధ్యమే.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఇంకొకటి, అది మీ వైపు నుంచి రాదు. అసోసియేషన్ల చేతికి ఇంత అధికారం ఇవ్వొచ్చా? హైదరాబాద్‌లో బ్యాచిలర్లకు ఇల్లివ్వొద్దని, ఫలానా తిండి తినేవాళ్లు వద్దని చెప్పే కమిటీల గురించి వినని తెలుగు పాఠకులుండరు. అలాంటి కమిటీ ప్రెసిడెంటు చేతిలో మీ లిస్టింగులను ఆపే మీట పెడితే, దాన్ని ఎవరి మీద నొక్కుతాడో ఊహించడం కష్టం కాదు. అందుకే నేను అడిగేది ప్రెసిడెంటు అనుమతి కాదు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన హుకుం అంతకంటే కాదు. ఓటు వేసి, రాసి, అందరికీ అందుబాటులో ఉంచిన నిబంధన. స్పెయిన్ 2025 ఏప్రిల్ 3 నుంచి ఇదే దారి పట్టింది: ఫ్లాటును కొత్తగా పర్యాటకులకు ఇవ్వాలంటే ఓనర్ల సంఘంలో అయిదింట మూడు వంతుల ఆమోదం ముందే ఉండాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ నిషేధానికి 75 శాతం ఓట్లు అడుగుతుంది, అప్పుడు కూడా ఓనరు తాను నివసించే ఇంటిని ఇచ్చుకోకుండా ఆపనివ్వదు. రెండో పద్ధతే నాకు నచ్చుతుంది. ఊరెళ్లిన పది రోజులు ఇల్లు అద్దెకిచ్చి నాలుగు డబ్బులు చూసుకునే కుటుంబానికీ, ఎనిమిది ఫ్లాట్లు తీసుకుని హోటల్ నడిపేవాడికీ తేడా దానికి తెలుసు. అద్దెకివ్వొచ్చా అన్న ప్రశ్న మీదే ఓటు ఉండాలి, వచ్చేవాళ్ల కులం, మతం, తిండి మీద కాదు. ఆ హద్దును మీ వివక్ష వ్యతిరేక విధానం ఇప్పటికే గీసింది కాబట్టి మీకది కొత్త పని కాదు.

తెలంగాణ, ఆంధ్రల్లో ఈ కాగితం దొరకడం కొంచెం కష్టమే, ఒప్పుకుంటాను. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం బైలాస్ గురించి మాట్లాడుతుంది గానీ, చాలా చోట్ల అవి రిజిస్ట్రేషన్ రోజున అలమారలో పెట్టిన ఫైలు దాటి బయటికి రాలేదు. రోజుల లెక్కన అద్దె అనే ఊహే లేని కాలంలో రాసినవి ఎక్కువ. మీ ఫారం ఆ కాగితం అడగడం మొదలుపెడితే, హోస్టు కావాలనుకునే ఓనరే జనరల్ బాడీ మీటింగ్ పెట్టమని పట్టుబడతాడు. అలమార తెరిపించే పని పక్కింటివాళ్లకు తప్పుతుంది. ఇంటి చిరునామా, ఫొటోలు అడిగే చోటనే, ఫొటోల కంటే ముందు, ఈ ఒక్క గడి చేర్చండి.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్‌వాసి