బండి ఇచ్చే ముందు కొలత చూడండి

చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూసుకోనివారు ఉండరు. కాని నడవలేనివారికి కాళ్ళకు బదులుగా నిలవవలసిన బండి విషయంలో మాత్రం ఏదో ఒకటి దొరికింది చాలుననే ధోరణి మన కర్నూలు జిల్లా పల్లెల్లో కనిపిస్తున్నది. ఇది మారాలి.

ఆదోని దిక్కున ఒక గ్రామంలో బ్యాటరీ బండి ఒకటి పంచలో మూలన పడి ఉంది. దానిపై కోళ్ళు పడుకుంటున్నాయి. బండి గల యువకుడు దర్జీ. చిన్నతనం నుంచి రెండు కాళ్ళూ పనిచేయవు. బండి చెడిపోలేదు. ఆ ఇంటి వాకిట మూడు మెట్లున్నాయి. వీధిది నల్లరేగడి, వాన పడితే చక్రం దిగబడుతుంది. బండిని దించడానికి ఇద్దరు, ఎక్కించడానికి ఇద్దరు కావాలి. రోజూ ఎవరు వస్తారు? బండి ఇచ్చిననాడు ఫొటో తీశారు గాని, ఇల్లు ఎలా ఉందని అడిగినవారు లేరు.

ఏ బండి ఎవరికి తగును? చేతులు, భుజాలు గట్టిగా ఉండి ఊళ్ళోనే తిరిగేవారికి చేతితో తిప్పే మూడు చక్రాల బండి ఇప్పటికీ మేలే. దానికి కరెంటు అక్కరలేదు. చైను తెగినా, పంక్చరు పడినా సైకిలు షాపులో బాగవుతుంది. పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారు మాత్రం పెడలు ఏ పక్కన ఉందో చూసుకోవాలి. చేతుల్లో బలం తక్కువైనవారికి, రోజూ పక్క ఊరికి పనికి పోయేవారికి బ్యాటరీ బండి అవసరం. చేతులు బాగా పనిచేసి, నడుము నిలిపి కూర్చోగలిగి, దూరం పోయేవారికి పక్క చక్రాలు బిగించిన స్కూటరు పనికివస్తుంది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారు ఏ బండి తీసుకున్నా సీటుపై మంచి దిండు ఉండితీరాలి. లేకుంటే పుండ్లు పడి ప్రాణం మీదికి వస్తుంది.

దారి కూడా చూసుకోవాలి. పత్తికొండ, తుగ్గలి వైపు ఎత్తుపల్లాల దారుల్లో బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అమ్మేవారు చెప్పే దూరం చదును రోడ్డుపై, కొత్త బ్యాటరీతో వచ్చేది. పోను రాను కలిపి లెక్క వేసుకొని, చెప్పినదానిలో సగానికి మించి నమ్ముకోకపోవడమే క్షేమం.

ధర విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. బండి ధర ఒక్కటే ఖర్చు కాదు. సీసం బ్యాటరీలు పూర్తిగా అడుగంటేదాకా వాడినా, నెలల తరబడి చార్జి చేయకుండా వదిలేసినా తొందరగా పాడవుతాయి. లిథియం బ్యాటరీ తేలిక, మన్నిక ఎక్కువ; ధరా ఎక్కువే. ఏదైనా కొన్నేళ్ళకు మార్చవలసిందే. అందుకు నెలనెలా కొంత దాచుకోలేనివారు అప్పు చేసి ఖరీదైన బండి కొనడం తెలివైన పని కాదు. విడిభాగాలు, మరమ్మతు ఎక్కడ దొరుకుతాయో ముందే అడగాలి. ఒక చక్రం కోసం హైదరాబాదు పోవలసివస్తే ఆ బండి చవకదైనా కొనరాదు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నట్లు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. పక్క చక్రాల స్కూటరుకు మాత్రం రిజిస్ట్రేషను, లైసెన్సు రెండూ ఉండాలి.

కొనే స్తోమత లేనివారికి కేంద్రప్రభుత్వపు ‘అడిప్’ పథకం 1981 నుంచి ఉంది. కాన్పూరులో 1972లో నెలకొల్పిన ప్రభుత్వ సంస్థ అలింకో ఈ పరికరాలు తయారుచేస్తున్నది. 40 శాతం వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉండి, కుటుంబ ఆదాయం పరిమితికి లోబడి ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఒకసారి బండి తీసుకున్నవారికి కొన్ని సంవత్సరాల దాకా మరొకటి ఇవ్వరు. తగని బండి చేతికి వస్తే ఆ సంవత్సరాలన్నీ ఇంట్లో కూర్చోవలసిందే. ఉచితం గదా అని నోరు మూసుకోవడం వల్ల జరిగే నష్టం ఇదే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఇన్ని రకాల మనుషులకు ఒకే మూస బండి ఎలా సరిపోతుంది? పంపిణీకి ముందే ఒక ఉద్యోగి ఇంటికి పోయి గుమ్మం వెడల్పు, వీధి, చేతుల బలం, చేసే పని చూసి రాయాలి. లబ్ధిదారుని కూర్చోబెట్టి, నడిపించి చూసిన తరువాతే బండి అప్పగించాలి. ఏడాదికి రెండుసార్లయినా మండల కేంద్రంలో మరమ్మతు శిబిరం పెట్టాలి. వాలుబాట కట్టించడానికి పంచాయతీలు ముందుకు రావాలి. మూడు మెట్ల పక్కన వాలుబాటకు కావలసినది కొన్ని బస్తాల సిమెంటు, ఇసుక, కంకర, ఒకటి రెండు రోజుల కూలి.

ఆ దర్జీ యువకుడు అడుగుతున్నదీ అదే. ఆయనకు కొత్త బండి అక్కరలేదు. ఉన్న బండి వీధిలోకి దిగితే చాలు, మిషను పెట్టుకోవడానికి బస్టాండు దగ్గర చోటు తానే చూసుకుంటానంటున్నాడు.