ఉప్పల్‌కు మెస్సీ వచ్చాడు సరే.. రహీమ్, నయీమ్ లాంటి కోచ్‌లను ఇచ్చిన హైదరాబాద్‌కు ఏమైంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి 'కోచింగ్ ఎక్కడ?' అని అడిగితే ఏ సందులోకైనా చెయ్యి చూపిస్తారు. గ్రూప్స్, బ్యాంక్, ఎస్సై, కానిస్టేబుల్, సాఫ్ట్‌వేర్ కోర్సులు.. ఏది కావాలంటే అది. అదే 'ఫుట్‌బాల్ కోచింగ్ ఎక్కడ?' అని అడిగి చూడండి. చెప్పేవాడు కాసేపు ఆలోచిస్తాడు.

విచిత్రం ఏంటంటే, ఈ మధ్య దేశంలో ఫుట్‌బాల్ పేరు గట్టిగా మోగింది ఈ తూర్పు హైదరాబాద్‌లోనే. ఎల్బీనగర్ నుంచి నాగోల్ మీదుగా వెళ్తే వచ్చే ఉప్పల్ స్టేడియానికి 2025 డిసెంబర్ 13న లియోనెల్ మెస్సీ వచ్చాడు. సీఎం రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగారు. ఆ రోజు కోల్‌కతాలో రచ్చ రచ్చ అయితే, ఇక్కడ ప్రోగ్రాం సాఫీగా సాగింది. అందరి ఫోన్లలోనూ అవే వీడియోలు.

కానీ ఆ సాయంత్రం గ్యాలరీలో అరిచిన కుర్రాళ్లకు సొంతూరి ఐఎస్‌ఎల్ టీమ్ లేదు.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది. అప్పటి కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్. ఆ తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్‌లు.. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. యాజమాన్యం మారింది. చివరికి 2025లో క్లబ్ ఏకంగా ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. నగర శివార్లలోని అజీజ్‌నగర్ దగ్గర శ్రీనిధి డెక్కన్ ఉంది, ఐ-లీగ్‌లో వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఎల్బీనగర్ పిల్లాడికి అది నగరానికి ఆ చివర.

క్లబ్బులు వస్తాయి, పోతాయి. హైదరాబాద్ అసలు పోగొట్టుకున్నది వేరే ఉంది. ఒకప్పుడు ఈ నగరం దేశానికి ఆటగాళ్లనే కాదు, కోచ్‌లను ఇచ్చింది. అదీ ఆడి, ఆటలోనే పండిపోయి, విజిల్ అందుకున్నవాళ్లను.

చాదర్‌ఘాట్ స్కూల్ నుంచి జకార్తా దాకా

ఎల్బీనగర్ నుంచి కోఠి వైపు వెళ్తుంటే మలక్‌పేట దాటాక చాదర్‌ఘాట్ వస్తుంది. అక్కడి హైస్కూల్లో పనిచేసిన టీచర్లలో ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరూ పిలిచే పేరు రహీమ్ సాబ్. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. మొదట కుర్రాడిగా లోకల్ క్లబ్బుల్లో ఆడారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఐదేళ్లు! ఇప్పటి లెక్కల్లో ఊహించుకోవడమే కష్టం.

ఇండియా కోచ్‌గా ఆయన రికార్డు మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో గోల్డ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ గోల్డ్. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఈ కథ ఇక్కడి కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. సినిమా చూశాక కూడా అది చాదర్‌ఘాట్ మాస్టారి కథ అని ఎంతమంది గుర్తుపట్టారో.

ఆయన పద్ధతి కూడా స్కూల్ మాస్టారి పద్ధతే. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతిని వెంటనే పాస్ చేయాలి అనే రూల్‌తో పోటీలు పెట్టేవారు. ఎడమకాలు బలహీనంగా ఉంటే ఆ కాలితోనే ఆడించేవారు. ఖర్చు లేని పని, కానీ రోజూ గ్రౌండ్‌లో నిలబడే మనిషి కావాలి.

నయీమ్.. ఆడాడు, నేర్పాడు, గెలిపించాడు

రహీమ్ తీర్చిదిద్దిన ఆ సిటీ పోలీస్ జట్టు నుంచే వచ్చారు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టిన ఈ డిఫెండర్ ఇక్కడి నుంచి కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లాంటి పెద్ద క్లబ్బులకు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్ ఆయనే. జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో మెడల్ రాలేదు.. ఇన్నేళ్లయినా!

బూట్లు విప్పాక కోచ్ అయ్యారు. 1990లో ఆయన కోచింగ్‌లో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్.. మూడు కప్పులూ ఎత్తుకెళ్లింది. 1970లో ప్లేయర్‌గా అర్జున తీసుకున్న మనిషి, 1990లో కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నారు. భారత జట్టుకు కోచ్‌గా 1997లో, మళ్లీ 2005లో దక్షిణాసియా టైటిల్ గెలిపించారు. బంగ్లాదేశ్ క్లబ్బుల్లో, అక్కడి జాతీయ జట్టుతోనూ పనిచేశారు. ప్రాక్టీస్‌కు లేటైతే ఎంత పెద్ద స్టార్‌నైనా వదలరని పేరు. అందుకే కొందరు ప్లేయర్లతో పడలేదు కూడా.

2006లో ఆయన్ను తప్పించి ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్‌ను తెచ్చారు. ఈ హౌటన్ అంతకుముందు చైనా జట్టుకు కోచ్. అక్కడితో హైదరాబాద్ చాప్టర్ ముగిసింది. నయీమ్ తర్వాత ఈ నగరం నుంచి మరో మనిషి ఇండియా హెడ్ కోచ్ కాలేదు. కెప్టెన్‌గా ఆసియా యూత్ టైటిల్ పంచుకుని, కోచ్‌గా 1998-99లో సల్గావ్‌కర్‌కు నేషనల్ లీగ్ గెలిపించిన షబ్బీర్ అలీ కూడా మన హైదరాబాదీనే. కానీ ఆ తరం తర్వాత క్యూ ఆగిపోయింది.

ఎందుకు ఆగింది?

టాలెంట్ లేక కాదు. దారి మూసుకుపోయింది. అప్పట్లో కుర్రాడు బాగా ఆడితే పోలీస్ శాఖ పిలిచి ఉద్యోగం ఇచ్చేది. నెల జీతం వస్తుంది, ఆట నడుస్తుంది. వయసు అయ్యాక అదే గ్రౌండ్‌లో జూనియర్లకు నేర్పేవాడు. ఇల్లు గడవడం గురించి దిగులు లేదు కాబట్టి కోచింగ్ మీద మనసు పెట్టగలిగాడు.

ఇప్పుడు సీన్ రివర్స్. పొద్దున్నే సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు గ్రౌండ్లలో చూడండి. పోలీస్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. అప్పుడు ఆట పోలీస్ ఉద్యోగం ఇచ్చింది, ఇప్పుడు పోలీస్ ఉద్యోగం కోసం ఆట వదిలేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇంట్లో అమ్మానాన్న అడిగేది మెడల్ కాదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్. 2024లో ప్రభుత్వం క్రికెటర్ సిరాజ్‌కు, బాక్సర్ నిఖత్ జరీన్‌కు డీఎస్పీ పోస్టులిచ్చింది. మంచిదే. అయితే అది ప్రపంచస్థాయికి వెళ్లి వచ్చాక దొరికే గౌరవం. రహీమ్ కాలంలో ఉద్యోగం ముందు వచ్చేది, పేరు తర్వాత.

కోచ్ కావడం కూడా ఇప్పుడు చదువులాంటిదే. డి లైసెన్స్, సి, బి, ఏ, ఆపైన ప్రో.. మెట్టు మెట్టుకీ ఫీజు, సెలవులు, ప్రయాణాలు. గల్లీ లీగుల్లో ఆడి ముప్పై దాటినవాడు ఏ ధైర్యంతో ఆ మెట్లు ఎక్కుతాడు? చేతిలో జీతం ఉండాలి కదా.

డబ్బు గుమ్మరిస్తే వస్తుందా? చైనాను చూడండి

డబ్బే సమస్య అనుకుంటే చైనా కథ వినాలి. లీ టియే అక్కడ పెద్ద స్టార్. చైనా ఆడిన ఒకే ఒక్క వరల్డ్ కప్, 2002లో, ఆ జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్‌లో ఎవర్టన్‌కు ఆడాడు. కోచ్‌గా మారి వుహాన్ క్లబ్‌ను టాప్ లీగ్‌లోకి తెచ్చాడు, 2020లో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. కట్ చేస్తే, ఆ పదవి కోసమే లంచాలు ఇచ్చానని చైనా ప్రభుత్వ టీవీలో తానే చెప్పాడు. 2024 డిసెంబర్ 13న కోర్టు 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన మెస్సీ ఉప్పల్‌లో ఉన్నాడు! ఇక కోట్లు కుమ్మరించి రెండుసార్లు ఆసియా చాంపియన్ అయిన గ్వాంగ్‌జౌ క్లబ్ 2025 జనవరిలో అప్పులతో మూతపడింది.

మన రోగం, వాళ్ల రోగం ఒకటి కాదు. వాళ్ల దగ్గర డబ్బు పైన ఆగి కుళ్లింది, మన దగ్గర కిందికి రానే లేదు. ఫలితం మాత్రం దాదాపు ఒకటే. 2018లో రెండు దేశాలూ తలపడితే 0-0.

ఇప్పుడు రెండు దేశాలూ మళ్లీ సొంత మాజీ ఆటగాళ్ల వైపే తిరిగాయి. చైనా 2025 నవంబర్‌లో షావో జియాయీని కోచ్‌గా పెట్టుకుంది. మనవాళ్లు 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌కు అప్పగించారు. చిన్న క్లబ్ ఐజ్వాల్‌ను 2017లో ఐ-లీగ్ చాంపియన్ చేసిన మనిషి ఆయన. మొదట్లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి ఆశ పెట్టారు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడటంతో 2027 ఆసియా కప్ చేజారింది, నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓటమి. ఒక్క కోచ్‌ను మారిస్తే పని అవుతుందనుకోవడం తప్పని అప్పుడే తేలిపోయింది.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఆగస్టులో కొత్త స్పోర్ట్స్ పాలసీ తెచ్చింది. స్పోర్ట్స్ యూనివర్సిటీ అంటోంది, స్టేడియాలు అంటోంది. ఉప్పల్‌లో లైట్లు వెలిగించడం తేలిక, అది ఒక్క రోజు పని. సరూర్‌నగర్ సర్కారు బడిలో జీతం తీసుకునే ఒక ఫుట్‌బాల్ పీఈటీ, అతని లైసెన్స్ ఫీజు కట్టే శాఖ, ఏడాది పొడుగునా జరిగే ఒక స్కూల్ లీగ్.. ఈ మూడింటికి బడ్జెట్‌లో ఎంత రాస్తారన్నది చూడాలి.